దండెం గుంజలు

ఇస్త్రీ ఇనుము కాగిందో లేదో చూడటానికి డోర్కస్ దాని మీద చిటికెడు నీళ్ళు చల్లింది. బొట్లు చుయ్యిమని ఎగిరిపోయాయి. ఇనుమును పాతగుడ్డ మీద ఒకసారి రాసి, బల్ల మీద పరిచిన రిబ్బను మీద నెమ్మదిగా నడిపించింది. నీలం రిబ్బన్లన్నీ ఒక పక్క, ఎర్రవన్నీ ఒక పక్క. నీలం పెళ్ళికానివాళ్ళది, ఎరుపు పెళ్ళయినవాళ్ళది. ఈస్టరయ్యాక ఏడు వారాలకు వచ్చే పెంతెకొస్తు పండగ మర్నాటి సోమవారం హేజల్‌డీన్ ఊరి ఆడవాళ్ళంతా ఈ రెండిట్లో ఏదో ఒకటి టోపీకి కట్టుకుని బేస్‌బాల్ ఆడతారు. ఊరందరి రిబ్బన్లూ ఉతికి ఇస్త్రీ చేసి పెట్టేది డోర్కస్.

ఈమధ్య అమెరికా వెళ్ళొచ్చిన వాళ్ళు చెబుతున్నారు, అక్కడ మగాళ్ళు గడ్డాలూ మీసాలూ వేసుకుని కర్రలు పట్టుకుని ఈ ఆటే ఆడుతున్నారట, పైగా తామే కనిపెట్టామంటున్నారట. చెప్పుకోనివ్వండి, వాళ్ళ నోరు వాళ్ళిష్టం. మా ససెక్స్ పల్లెల్లో నాలుగో జార్జి రాజుగారి రోజులకే ఇది ఆడవాళ్ళ ఆట. కర్రా లేదు, గిర్రా లేదు. వచ్చే బంతిని అరచేత్తో చాచి కొట్టి, గుంజ నుంచి గుంజకు పరుగెత్తి, మూడు తాకి, నాలుగోదైన ఇంటి గుంజకు చేరాలి. రెండు గుంజల మధ్యలో ఉండగా అవతలివాళ్ళు బంతితో ఒంటి మీద కొట్టారంటే అవుట్. మగాళ్ళకు క్రికెట్ ఉండేది. వాళ్ళ జోలికి మేము పోలేదు, మా జోలికి వాళ్ళు రాలేదు.

"అయ్యాయా?" అంటూ జెమైమా వచ్చింది. మిల్లువాళ్ళ అమ్మాయి. పెళ్ళికానివాళ్ళ జట్టుకు ఆ ఏడు పెద్ద. చిన్నప్పుడు ఇద్దరూ ఒక కంచంలో తిన్నవాళ్ళే, ఇప్పుడు మాత్రం గుమ్మం దాటి లోపలికి రాలేదు.

డోర్కస్ నీలం రిబ్బన్లను చుట్టచుట్టి బుట్టలో పెట్టి, ఒకటి మాత్రం బల్ల మీదే ఉంచుకుంది.

"అదెవరిది?" అంది జెమైమా.

"నాది. రెండేళ్ళయింది నేనాడి. మొదటేడు కడుపుతో ఉన్నాను. నిరుడు పాలిస్తున్నాను. ఇప్పుడు సూకీ నడుస్తోంది, నాకేం అడ్డం?"

సూకీ బల్ల కింద కూర్చుని దండెం మీద బట్టలకు పెట్టే పుల్లను చీకుతోంది. ఆ పిల్ల ముక్కు చూసినవాళ్ళెవరికైనా మిల్లువాళ్ళ గడప గుర్తుకు రావాల్సిందే. జెమైమా అన్న నెడ్ ముక్కు అది. ఊరందరికీ తెలుసు. తెలియనట్టు ఉండటం కూడా ఊరందరికీ తెలుసు.

జెమైమా పిల్ల వంక చూడకుండా అంది. "పాదిరీ అమ్మగారు ఒప్పుకోవడంలేదు. కన్నెపిల్లల జట్టులో బిడ్డతల్లి ఏంటి అంది."

"నాకు పెళ్ళయిందా?"

"లేదు."

"మరి?"

"నన్ను చంపకే. నేనన్న మాట కాదది."

డోర్కస్ చల్లారిన ఇనుమును పొయ్యి మీద పెట్టి, కాగిన ఇంకోదాన్ని తీసింది. "మొన్న మీ అన్న క్రికెట్ ఆడాడుగా. వాణ్ణి ఎవరైనా ఆపారా?"

జెమైమా బుట్ట చంకనెత్తుకుంది. గబగబా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఎర్ర రిబ్బన్లు ఇచ్చే వంకతో డోర్కస్ కమ్మరి కొలిమికి వెళ్ళింది. కమ్మరి భార్య ఫిల్లీ హనీసెట్ పెళ్ళయినవాళ్ళ జట్టుకు పెద్ద. భారీ మనిషి, నోరు ఇంకా భారీ. కొలిమితిత్తి ఊదుతూనే రిబ్బన్లు అందుకుంది. డోర్కస్ నాన్చలేదు.

"అక్కా, నీలంవాళ్ళు నన్ను వద్దన్నారు. మీలో చేర్చుకుంటారా?"

"నా మటుకు నాకు పండగే. నీ చెయ్యి ఊళ్ళో ఎవరికుంది?" ఫిల్లీ తిత్తి తాడు లాగింది. "కానీ మావాళ్ళు ఊరుకోరే. ఉంగరం లేనిది వచ్చి పక్కన నిలబడితే మా ఉంగరాలెందుకు అంటారు. నీకు తెలీదా వీళ్ళ సంగతి."

"మరి నేనెవర్ని అక్కా?"

ఫిల్లీ తిత్తిని ఇంకా గట్టిగా ఊదింది. నిప్పులు భగ్గుమన్నాయి.

శనివారం సాయంత్రం గుడి ముందు రాతిబల్ల మీద రెండు గిన్నెలు పెట్టారు. మట్టిగిన్నె పెళ్ళికానివాళ్ళకు, తగరపు గిన్నె పెళ్ళయినవాళ్ళకు. ఆడదలచుకున్న ప్రతి ఆడదీ వచ్చి తన కుట్టు వేలితొడుగును తన గిన్నెలో వేయాలి. ఆట రోజున గిన్నె కుదిపి ఒక్కొక్కటీ తీస్తారు. ఎవరి వేలితొడుగు వస్తే వాళ్ళకు వంతు. సొట్టలు చూసి ఎవరిదేదో ఇట్టే చెప్పేస్తారు మా ఆడవాళ్ళు. తాత ముత్తాతల నాటి పద్ధతి, ముత్తవ్వల నాటిది అంటే ఇంకా సబబు.

అందరికంటే ముందు తామ్సిన్ అవ్వ వచ్చి తన ఇత్తడి వేలితొడుగును మట్టిగిన్నెలో టంగుమని వేసింది. తామ్సిన్‌కు నోట్లో పళ్ళు లేవు, నడుము నిలవదు, పెళ్ళి కూడా లేదు. కాబట్టి కన్నెపిల్లల జట్టే. ఏటా వెనక గుంజ దగ్గర నిలబడి, దొర్లివచ్చే బంతిని గౌనుతో ఆపుతుంది. ఆట బంతి కుట్టేది కూడా ఆవిడే. బెండు చుట్టూ పాత మేజోళ్ళ ఉన్ని బిగించి చుట్టి, పైన గొర్రెతోలు కుడుతుంది.

డోర్కస్ సూకీని చంకనేసుకుని వరసలో నిలబడింది. తన వంతు రాగానే వేలితొడుగును మట్టిగిన్నెలో వేసింది.

బల్ల వెనక పాదిరీ గారి భార్య మిసెస్ లాంబోర్న్ కూర్చుని ఉంది. సోమవారం ఆట అయ్యాక టీ, కేకు ఆమెవే. అందుకని గిన్నెల పెత్తనం కూడా తనదే అనుకుంది. చెడ్డది అనడానికి వీల్లేదు. జ్వరమొస్తే గంజి పంపుతుంది. కానీ ఎవరు ఎక్కడుండాలో తనకు తెలిసినంత దేవుడికి కూడా తెలియదని ఆమె నమ్మకం. గిన్నెలో రెండువేళ్ళు పెట్టి డోర్కస్ వేలితొడుగును బయటికి తీసింది. తగరపు గిన్నె వంక చూసింది. అక్కడ నిలబడ్డ పెళ్ళయినవాళ్ళు తలలు తిప్పుకున్నారు. ఆమె దాన్ని రెండు గిన్నెల నడుమ, రాయి మీద పెట్టింది.

"నీకూ పని ఉంది డోర్కస్," అంది మెత్తగా. "రెండు జట్లకూ నువ్వే బంతి విసురు. కొట్టడం, పరుగెత్తడం వద్దు. అప్పుడు ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"అంటే ఆటలో అరటిపండునా అమ్మగారూ?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"టీ బల్ల దగ్గర ఆడేవాళ్ళ పిల్లలే కూర్చుంటారు కదా. మా సూకీ ఎక్కడ కూర్చుంటుంది?" అంది డోర్కస్.

"దానికి కేకు ముక్క ఇంటికి పంపిస్తాను."

డోర్కస్ ముఖం చెవులదాకా ఎర్రబడింది. ఆకలికి ఏడ్చే పిల్ల కాదు సూకీ, కేకు ముక్క ఎవరూ అడగలేదు. పిల్లను ఇంకో చంకకు మార్చుకుని వెనక్కి తిరిగింది. వేలితొడుగు రాయి మీదే ఉండిపోయింది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఆదివారమంతా గుడికి వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ దాన్ని చూస్తూనే ఉన్నారు.

సోమవారం అంటే ఎక్కడైనా బట్టలుతికే రోజు. ఒక్క పెంతెకొస్తు సోమవారం మాత్రం డోర్కస్ వాళ్ళ ఇంట్లో పొయ్యి వెలిగించేవారు కాదు. ఎందుకంటే ఊరి పచ్చిక మీద పాతిన ఆ నాలుగు గుంజలూ నిజానికి వాళ్ళ దండెం గుంజలు. బట్టలుతికే ఆ ఇంటికి పచ్చిక మీద ఆరేసుకునే హక్కు పూర్వం నుంచీ ఉంది. డోర్కస్ అమ్మమ్మ ఆరేసింది, అమ్మ ఆరేసింది. ఏడాదికి ఒక్కరోజు తాళ్ళు విప్పి గుంజలను ఆటకు వదిలేవాళ్ళు. హక్కు కాదది, మర్యాద.

ఆ సోమవారం తెల్లవారుతూనే డోర్కస్ ఇంటి పొగగొట్టం పొగ కక్కింది. బూడిద తేటలో నానిన బట్టల్ని కాగులో ఉడకేసి, కర్రతో తిప్పి, చెక్కమీద బాది, వాగులో జాడించి, మెలిపెట్టి పిండింది. మోచేతులదాకా చర్మం ఉడికిపోయి ఎర్రగా ఉంది. నాలుగు గుంజలకూ చుట్టూ తాళ్ళు కట్టింది. అదీ చాలక ఈ మూల నుంచి ఆ మూలకు అడ్డంగా కూడా కట్టింది. ఆరేసింది.

జనం కేకలూ నవ్వులతో పచ్చిక మీదికి వచ్చేసరికి ఆట స్థలమంతా తెల్లగా రెపరెపలాడుతోంది. పాదిరీ గారి రాత్రి చొక్కాలు, మేజోళ్ళు, వాటి పక్కన మిసెస్ లాంబోర్న్ పొడుగు లోదుస్తులు, అంచుల్లో ఎర్రదారంతో కుట్టిన ఇంటి గుర్తుతో సహా. శనివారం ఉతకడానికి వేసిన మూట అది. గాలి ఉబ్బించిన ఆ లోదుస్తుల్లో ఊళ్ళోవాళ్ళు ఇద్దరు దూరవచ్చు. ఫిల్లీ అప్రాను నోట్లో కుక్కుకుంది.

ఇంటి గుంజ పక్కన బోర్లించిన తొట్టి మీద డోర్కస్ కూర్చుని ఉంది. ఒళ్ళో సూకీ.

"ఏంటిది?" అంది మిసెస్ లాంబోర్న్. బుగ్గలు కందిపోయాయి.

"సోమవారం కదా అమ్మగారూ. ఉతికాను."

"వెంటనే తియ్యి."

"తడిగా ఉన్నాయి. తడిబట్ట మడిస్తే బూజు పడుతుంది. మీరే కదా చెప్పారు మొన్న, చొక్కాకు మచ్చ పడిందని."

క్రికెట్ వాళ్ళ గుంపులోంచి నెడ్ ముందుకు వచ్చాడు. మిల్లువాళ్ళ అబ్బాయి కదా, అమ్మగారి ముందు మంచి అనిపించుకోవాలని సరదా. తాడు ముడి మీద చెయ్యివేశాడు.

"లాగు నాయనా, లాగు," అంది తామ్సిన్ అవ్వ బోసినోటితో. "పరాయి దండెం లాగినోళ్ళే మళ్ళీ ఉతకాలి, అది మన ఊరి పద్ధతి. అమ్మగారివి ఉతకాలని నీకంత ముచ్చటగా ఉంటే మేమెందుకు కాదంటాం."

పచ్చికంతా గొల్లుమంది. నెడ్ చెయ్యి తీసేశాడు. డోర్కస్ వంక మాత్రం చూడలేదు. రెండేళ్ళుగా చూడటంలేదు, అలవాటైపోయింది.

మిసెస్ లాంబోర్న్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "ఇక నుంచి మా ఇంటి బట్టలు నీ గడప తొక్కవు."

అది దెబ్బే. పాదిరీ గారి ఇంటి మూట లేకపోతే చలికాలంలో పొయ్యిలోకి కట్టెలుండవు. డోర్కస్ చేతులు సూకీ నడుం చుట్టూ బిగుసుకున్నాయి. ఆ ఒక్క క్షణం లేచి తాళ్ళు విప్పేద్దామా అనిపించింది కూడా. రాతిబల్ల మీద వేలితొడుగు ఎండకు మెరుస్తూ కనబడింది.

"సరే అమ్మగారూ. ఇవి ఆరాక మడిచి పంపిస్తాను. గంజి పెట్టమంటారా?"

ఎండ ఎక్కింది. ఆడవాళ్ళు నీలం రిబ్బన్లతో, ఎర్ర రిబ్బన్లతో గుంపులు గుంపులుగా నిలబడ్డారు. ఏడాదికి ఒక్కరోజు దొరికే ఆట. పాలు పితకడం, బిడ్డల్ని లేపడం, మొగుడి బూట్లు విప్పడం లేకుండా ఒక్క పూట పరుగెత్తే రోజు. అది కళ్ళముందే ఆరిపోతోంది, బట్టలు మాత్రం ఆరడంలేదు.

చివరికి ఫిల్లీ వచ్చింది. "ఏం కావాలే నీకు?"

"నా వేలితొడుగు గిన్నెలో పడాలి."

"ఏ గిన్నెలో?"

"అది నన్నడుగుతావేంటక్కా? వద్దన్నది మీరు. ఊళ్ళో నేనేంటో మీరంతా కలిసి తేల్చండి. నాకు తొందరలేదు, కూర్చుంటాను."

ఫిల్లీ వెళ్ళి తనవాళ్ళతో గుసగుసలాడింది. నీలంవాళ్ళు వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకున్నారు. ఎవరూ ఎవరి మాటా వినలేదు. అంతలో జెమైమా గుంపులోంచి విడివడి రాతిబల్ల దగ్గరికి నడిచింది. రెండు రోజులుగా ఊరంతా చూసి, ఎవరూ ముట్టని ఆ వేలితొడుగును గుప్పిట్లోకి తీసుకుంది. తిన్నగా తొట్టి దగ్గరికి వచ్చి చేతులు చాచింది.

"రావే మేనకోడలా," అంది సూకీతో. "మేనత్త దగ్గరికి రా."

కొత్తపాత తెలియని వయసు. సూకీ చేతులు చాచి ఆమె మెడను కరుచుకుంది. ఆ రెండు ముక్కులూ పక్కపక్కన చూశాక ఇక ఎవరికీ ఏ సాక్ష్యమూ అక్కర్లేకపోయింది.

"జెమైమా, నోరు ముయ్యి," అన్నాడు నెడ్.

"నువ్వెళ్ళి క్రికెట్ ఆడుకో అన్నయ్యా." పిల్లను ఇంకాస్త పైకి ఎత్తుకుంది. "ఇది మా అన్న కూతురు. మీ అందరికీ తెలుసు, నాకూ తెలుసు. గురువారం వాళ్ళ గుమ్మంలో నిలబడి కూడా దీని వంక చూడలేదు నేను. సిగ్గేసింది. ఇక మా వదినను ఏ గిన్నెలో వేస్తారో మీరే చెప్పండి."

చూడాలి అప్పుడు మా పెళ్ళయినవాళ్ళ సంబడం. వదిన అంటే పెళ్ళయినట్టే కదా అంది ఒకావిడ. బిడ్డతల్లి మనలోనే ఉండాలి, న్యాయం అంది ఇంకొకావిడ. శనివారం తల తిప్పుకున్న మెడలే ఇవి. మంచి చెయ్యి ఉచితంగా వస్తోందనేసరికి గోడ మీద పిల్లులు ఇటు దూకాయి. ఫిల్లీ అప్పటికే తగరపు గిన్నె పట్టుకొచ్చి డోర్కస్ ముందు చాపింది.

"నెడ్డూ, పాదిరీ గారు ఇక్కడే ఉన్నారు, పనిలో పని కానిచ్చెయ్," అన్నాడు క్రికెట్ వాళ్ళలో ఒకడు.

అందరూ నెడ్ వంక చూశారు. వాడు టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, పచ్చికను బూటుతో తన్నాడు. "సరే," అన్నాడు. "అంతగా కావాలంటే చేసుకుంటాలే."

మిసెస్ లాంబోర్న్ ముఖం కూడా విచ్చుకుంది. అన్నీ ఎక్కడివక్కడ సర్దుకుంటున్నాయి. ఫిల్లీ డోర్కస్ భుజం తట్టింది. ఇంకేం కావాలే పిచ్చిదానా అన్నట్టు.

డోర్కస్ తొట్టి మీంచి లేచి, తడిగౌను దులుపుకుంది. రెండేళ్ళ తర్వాత మొదటిసారి నెడ్ కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళు పక్కకు జరిగాయి.

"ఎవరికి కావాలి?" అంది.

ముందున్న తగరపు గిన్నెను పక్కకు నెట్టింది.

"నేనడిగింది మొగుణ్ణి కాదు. వంతు." జెమైమా వైపు తిరిగింది. "సూకీ నీ మేనకోడలు, అది నిజం. ఎత్తుకున్నావు, చాలు. కానీ నన్ను వదినా గిదినా అనకు. నాకు పెళ్ళి కాలేదు. బిడ్డ ఉంది. రెండూ దాచుకునేవి కావు. పెళ్ళికానివాళ్ళ గిన్నె ఏది?"

తామ్సిన్ అవ్వ మట్టిగిన్నెను రెండుచేతులా పట్టుకొచ్చింది. "ఇదిగో. నాకు తోడొకతె దొరికింది, ఈ పిల్లలతో వేగలేక చస్తున్నాను."

జెమైమా వేలితొడుగును అందులో వదిలింది. మిగతావాటి మీద పడి టంగుమంది. మిసెస్ లాంబోర్న్ ఏదో అనబోయింది. పాదిరీ గారు ఆమె మోచెయ్యి పట్టుకుని, టీ నీళ్ళు మరుగుతున్నాయి చూడు అన్నారు. ఆయన తన రాత్రి చొక్కాల వంక చూడకుండా ఉండటానికి చాలాసేపటి నుంచి కష్టపడుతున్నారు పాపం.

పద్ధతి పద్ధతే కాబట్టి దండేన్ని ఇంకెవరూ ముట్టుకోలేదు. అప్పటికి ఆరిన బట్టలన్నీ డోర్కస్ ఒక్కతే తీసింది. పుల్లలు పీకి అప్రాను జేబులో వేసుకుంటూ, చొక్కా చొక్కా దులిపి, చేతులు లోపలికి మడిచి, బుట్టలో పేర్చింది. తొందరపడలేదు. నీలంవాళ్ళూ ఎర్రవాళ్ళూ అంతసేపూ నిలబడి ఎదురుచూశారు. తాళ్ళు చుట్టేశాక పచ్చిక మీద నాలుగు గుంజలు మిగిలాయి.

గిన్నె కుదిపారు. కొందరి వంతులయ్యాక డోర్కస్ వేలితొడుగు వచ్చింది. పక్కనున్న సొట్ట చూసి జెమైమా పేరు పిలిచింది.

డోర్కస్ ఇంటి గుంజ దగ్గర నిలబడి చేతికి ఉమ్మి రాసుకుంది. విసిరేది ఫిల్లీ. కొలిమితిత్తి లాగే చెయ్యి అది, జాలిపడే రకం కాదు. బంతి నడుమెత్తులో వచ్చింది. తడిదుప్పట్లు బాదీ బాదీ చెక్కలా తయారైన అరచెయ్యి దాన్ని కలుసుకుంది. బంతి బాతుల మడుగు మీదుగా పోయి కంచెలో పడింది. బాతులు గోల పెట్టాయి.

గౌను మోకాళ్ళదాకా ఎత్తిపట్టుకుని పరుగెత్తింది. మొదటి గుంజ తాకింది, రెండోది తాకింది. "పరుగెత్తవే, పరుగెత్తవే," అని నీలంవాళ్ళు అరుస్తున్నారు. తనకోసమే అరుస్తున్నారని ఆమెకు తెలియడానికి కాస్త సేపు పట్టింది. మూడో గుంజ తాకి ఇంటివైపు మళ్ళింది. కంచెలోంచి బంతి తీసినవాళ్ళు ఫిల్లీకి విసిరారు. ఫిల్లీ అందుకుని, భుజం వెనక్కి లాగి, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది.

ధబ్బుమని వీపు నడిమధ్యన తగిలింది. ఇంటి గుంజకు చెయ్యి చాచే దూరంలో డోర్కస్ ఆగిపోయింది.

"అవుట్," అని ఎర్రవాళ్ళంతా ఒక్కసారి అరిచారు. తామ్సిన్ అవ్వ ఫిల్లీ వంశాన్నంతా తిట్టిపోసింది.

డోర్కస్ వీపు రుద్దుకుంటూ వంగింది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమోనని ఫిల్లీ దగ్గరికి వచ్చి చూసింది. నవ్వుతోంది. కళ్ళలో నీళ్ళు తిరిగేట్టు నవ్వుతోంది. ఊరు ఆమె పక్క నుంచి ఒదిగి ఒదిగి నడిచిన రెండేళ్ళూ ఆ దెబ్బతో వదిలాయి.

"గట్టిగా తగిలిందా?" అంది ఫిల్లీ.

"తగిలింది. నా వంతు మళ్ళీ వస్తుందిగా, చూద్దువుగాని."

అవుటైన నీలంవాళ్ళంతా గుడిగోడ నీడలో ఒక బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నారు. టీ బల్ల దగ్గర పిల్లల మధ్యలో సూకీ కేకును ముక్కుకూ చెవులకూ పూసుకుంటోంది. డోర్కస్ ఒక్కసారి అటు చూసి, బెంచీ దగ్గరికి వచ్చింది.

"జరగండే," అంది.

జరిగారు.